డీజే బండెక్కే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు

పెద్దపల్లి, సుల్తానాబాద్‌, మంథని, ఓదెల, గోదావరిఖని దిక్కుల కొత్తగ డీజే పనిలకు దిగుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు,

ఉత్తరం అందరికీ కలిపే గనీ, ఒక్కొక్కరిని ముంగట కూసుండవెట్టుకొని మాట్లాడినట్టు రాస్తున్న. అందుకే నువ్వు అంటున్న, ఏమనుకోకు.

ఈ పనిలకు దిగేటోళ్లు అన్నిటి కంటె ముందు చేసేది బాక్సులు కొనుడు. గణపతి నిమజ్జనం నాడు పక్కూరి బండి వచ్చి ఇండ్ల మీది రేకులు అదిరేటట్టు మోగిచ్చి పోతది. ఆ రాత్రి పోరనికి నిద్రవట్టదు. తెల్లారి నాయిన ఎంబడి పడ్తడు. వడ్లు అమ్మిన పైసలు, అమ్మ సంఘంల తెచ్చిన లోను, మిత్తికి తెచ్చింది ఇంకింత, అన్నీ కలిసి నాలుగు బేస్‌ బాక్సులు, రెండు టాప్స్‌, ఒక ఆంప్లిఫయర్‌ అయి ఇంట్ల కూసుంటయి. పాటలు ఎక్కడియి అని అడిగితే, పెన్‌డ్రైవ్‌ల దోస్తు ఎక్కిచ్చి ఇచ్చినయి. ఎవల బండి కాడికి పోయినా అవే పాటలు, అదే రోడ్‌ షో మిక్స్‌, అదే చాటల్‌ బ్యాండ్‌ దెబ్బ. పాటలు అందరియి ఒక్కటే అయినప్పుడు పోటీ దేనితోని పడ్తరు? సౌండుతోని. ఇంక నాలుగు బాక్సులు. ఇంకింత అప్పు.

ఆ బేరం కుదరకముందే ఈ ఉత్తరం నీకు అందాలెనని నా తండ్లాట. సౌండుతోని పోటీకి దిగకు. దాంట్ల గెలిచి నిలవడ్డోన్ని నేను సూడలే.

ఎందుకో లెక్క చెప్త. ఆంప్లిఫయర్‌ పవర్‌ రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్‌ మాత్రమే. మనిషి చెవికి సౌండు రెండింతలైంది అనిపియ్యాలంటే సుమారు 10 డెసిబెల్స్‌ పెరగాలె. 10 డెసిబెల్స్‌ అంటే పవర్‌ పదింతలు. 2,000 వాట్ల బండి ఉన్నోడు జనంతోని రెండింతల మోత అనిపిచ్చుకోవాలంటే 20,000 వాట్లు కావాలె. దానికి పెద్ద జనరేటర్‌ కావాలె. టాటా ఏస్‌ సాలదు, డీసీఎం కావాలె. బాక్సులు దించి ఎక్కియ్యనీకి ఇంక నలుగురు పోరగాండ్లు కావాలె, వాళ్లకు కూలి కావాలె, తిండి కావాలె. కిరాయి పదింతలు ఇచ్చే పెండ్లి పెద్ద ఈ జిల్లాల ఎవలన్న ఉంటే నాకు సుత చూపెట్టు.

ఇంకో లెక్క. లగ్గాలు ఏడాదంత ఉండయి. ఆషాఢం పోతది, పుష్యం పోతది, మూఢం వడ్డదంటె ఇంకిన్ని దినాలు పోతయి. గణపతి, బతుకమ్మ, దుర్గమ్మ నవరాత్రులు కలిపి కొన్ని దినాల గిరాకీ. మిగిలిన దినాలు బాక్సుల మీద తార్పాలిన్‌ కప్పి కూసునుడే. మిత్తికి మాత్రం మూఢం ఉండది.

అందుకే మొదటి ఏడాది బాక్సులు కొనకు, కిరాయికి తెచ్చుకో. పైసలు పెట్టేదుంటే ఒక చిన్న కంట్రోలర్‌ మీద, చెవులను మంచిగ మూసే ఒక హెడ్‌ఫోన్‌ మీద పెట్టు. అది సుత లేకుంటే పాత ల్యాప్‌టాప్‌ చాలు. మిక్స్‌ అనే సాఫ్ట్‌వేర్‌ పైస ఖర్చు లేకుంట దొరుకుతది. వర్చువల్‌ డీజే సుత ఇంట్ల నేర్చుకునేటోళ్లకు ఉచితమే. ఇంట్ల తలుపేసుకొని ఒక పాటల నుంచి ఇంకో పాటలకు ఎట్ల పోవాల్నో చేతులకు అలవాటయ్యేదాక చెయ్యి. బాక్సులు ఎవల పైసలతోనైనా వస్తయి, ఆ అలవాటు నీ దినాలతోనే రావాలె.

డీసీఎం మీద బాక్సులు పేర్చి, జనరేటర్‌ పెట్టి వాడకట్టుల్లకు పోవుడు మనం కనిపెట్టింది కాదు. జమైకా దేశంల కింగ్‌స్టన్‌ల 1950లనాటికే ఇదే పని నడిచేది. వాళ్లు దాన్ని సౌండ్‌ సిస్టమ్‌ అన్నరు. బీదోళ్ల వాడల్ల బండ్లు నిలవెట్టి, రాత్రంత మోగిచ్చేది. పోటీ మస్తుండేది. డ్యూక్‌ రీడ్‌ ఒక దిక్కు, కాక్సన్‌ డాడ్‌ ఒక దిక్కు. ఈ కాక్సన్‌ డాడ్‌ ఏం చేసేటోడంటే, అమెరికా పోయి ఎవల దగ్గర లేని రికార్డులు ఏరి తెచ్చేది, తెచ్చినంక రికార్డు మీది లేబుల్‌ గీకేసేది. పక్క బండోడు తొంగిచూసినా పాట పేరు తెల్వద్దని. జనం ఆ పాట కోసమే ఆయన బండి కాడికి వచ్చేది. అమెరికా పాటలు దొరుకుడు తక్కువైనప్పుడు ఆ ఇద్దరు సొంతంగ స్టూడియోలు పెట్టి, వాడకట్టు పిల్లలతోని పాడిచ్చిన్రు. జమైకా పాట లోకమంత తిరిగింది ఆ స్టూడియోల మీదికెల్లే.

అదే కింగ్‌స్టన్‌ల పుట్టి న్యూయార్క్‌ పోయిన పిలగాడు క్లైవ్‌ క్యాంబెల్‌. డీజే కూల్‌ హెర్క్‌ అంటె లోకానికి ఎర్క. 1973 ఆగస్టు 11 నాడు బ్రాంక్స్‌ల వాళ్ల చెల్లె పెట్టిన దావతుల పాటలు వేసిండు. ఆయనకు ఒకటి కండ్లవడ్డది. పాట నడుస్తున్నంత సేపు గోడకానుకొని నిలవడ్డోళ్లు, పాడుడు ఆగి డ్రమ్ములు ఒక్కటే మోగే ముక్క రాంగనే ఎగవడి నడుమకొస్తున్నరు. ఆ ముక్క నాలుగు క్షణాలు ఉంటది, అయిపోతది. ఆయన ఒకటే రికార్డు రెండు తెచ్చి, ఒకదాంట్ల ఆ ముక్క అయిపోంగనే రెండోదాంట్ల అదే ముక్క మళ్ల ఎత్తుకునుడు మొదలువెట్టిండు. హిప్‌హాప్‌ మొదలైంది అక్కణ్ణించే అంటరు. హెర్క్‌ బాక్సులు సుత పెద్దయే, అబద్ధమెందుకు. గనీ ఆయన పేరు నిలిచింది బాక్సులతోని కాదు, జనం కాళ్ల దిక్కు చూసినందుకు.

నీకు అమెరికా పోవుడు అక్కెర లేదు. ఓదెల మల్లన్న కాడికి పో. ఒగ్గు పూజారులు పట్నాలు వేసి కథ చెప్తుంటే అందరు కథకుని మొఖం చూస్తరు. నువ్వు డోలు కొట్టేటాయన చేతులు చూడు. కథకుడు మాట అందుకోంగనే డోలు కిందికి దిగుతది. ఏడుపు కాడ మొత్తానికే ఆగుతది. మాట అయిపోయే చోట, ఊపిరి తీసుకునే సందుల మళ్ల లేస్తది. మాట మీదికి దెబ్బను రానియ్యరు. వేములవాడ దగ్గరి హన్మాజిపేట మిద్దె రాములు కథ చెప్తె ఊరూరు కదిలొచ్చేదని మన పెద్దోళ్లు ఇప్పటికీ యాది చేస్తరు. ఆ జనాన్ని రాత్రంత కూసుండవెట్టింది వాట్లు కావు. నీ మిక్సర్ల ఫేడర్‌ను ఎప్పుడు దించాల్నో, ఎప్పుడు లేపాల్నో ఆ డోలాయన చేతుల్ల దొరికినంత మంచిగ యూట్యూబ్‌ల దొరకది.

మన పాటల నడక ముచ్చట సుత చెప్పాలె. మన దిక్కు జానపదాలు చానమట్టుకు తకిట తకిట నడక, తీన్మార్‌ దెబ్బ. డీజే సాఫ్ట్‌వేర్లు తయారైంది నాలుగు దెబ్బల పాటల కోసం. మన పాటను దాంట్ల ఎక్కిస్తే బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే) అంకె ఒక్కోసారి ఒకటిన్నరంతలు చూపెడ్తది, ఒక్కోసారి మూడింట రెండొంతులే చూపెడ్తది. ఆ అంకెను నమ్మి కింద నాలుగు దెబ్బల కిక్కు ఏసినవంటే పాట ఒక దిక్కు, దెబ్బ ఒక దిక్కు గుంజుతయి. కుర్రోళ్లు ఎట్లనన్న ఎగురుతరు. వయసు మీదవడ్డ ఆడోళ్లు మాత్రం రెండడుగులేసి ఆగిపోతరు, ఎందుకాగిన్రో వాళ్లకు సుత తెల్వది. నీకు తెలవాలె. ట్యాప్‌ బటన్‌ మీద నీ ఏలుతోని కొట్టి బీటు పట్టు. పాత రికార్డింగులైతే నడుమ నడుమ వేగం మారుతుంటది, పాట మొత్తం విని ఎక్కడ జారిందో గుర్తువెట్టుకో.

పాటను కోసే కాడ సుత సోయి ఉండాలె. చరణం సగంల ఉండంగ, మాట నోట్లె ఉండంగ కోసేటోన్ని చూస్తే నాకు కోపమొస్తది. పాటంటే మాట. పల్లవి మళ్ల ఎత్తుకునే కాడ దాటు, లేకుంటే చరణం చివర పదం పూర్తయినంక దాటు. హాట్‌ క్యూలు పెట్టుకునేది అందుకే. ఒక్కో పాటకు పల్లవి మొదలు, చరణం చివర, ఉట్టి దెబ్బ ఉన్న ముక్క గుర్తులు పెట్టుకో. నూరు పాటలకు ఇట్ల గుర్తులు పెట్టుకున్న పిలగాడు వెయ్యి పాటల పెన్‌డ్రైవ్‌ ఉన్నోని కంటె పనిమంతుడు.

మాట బలమేందో మన గోదారి అవతల మంచిర్యాలల 2021 ఆగస్టుల దేశమంత చూసింది. లగ్గమైన పిల్ల బరాత్‌ల పెండ్లికొడుకు ముంగట బుల్లెట్టు బండి పాటకు ఆడింది. మోహన భోగరాజు పాడిన పాట, అప్పటికి వచ్చి కొన్ని నెలలే అయింది. ఆ వీడియో ఇంటింటికి పోయింది. మళ్లొకసారి చూడు. ఆ పిల్ల ఆడింది బేస్‌కు కాదు. ఒక్కొక్క మాటకు చేతులతోని అర్థం చెప్పుకుంట, పెండ్లికొడుకు దిక్కు చూసుకుంట ఆడింది. ఆ బండి మీద మాట వినవడకుంట బేస్‌ దంచితే ఆ ఆట పుట్టేదే కాదు. తర్వాత ఎన్ని లగ్గాలల్ల ఆడపిల్లలు అదే పాట అడిగిన్రో నీకు నా కంటె ఎక్కువ ఎర్క.

డీజే టిల్లు సినిమా 2022ల వచ్చినంక డీజే అంటే అంగీ, అద్దాలు, నఖ్రాలు అనుకునేటోళ్లు పెరిగిన్రు. పెరగనీ, వయసు ఉన్నది. గనీ ఆ టైటిల్‌ పాట రాసిన కాసర్ల శ్యామే బలగం సినిమాల ఊరు పల్లెటూరు పాట సుత రాసిండు, దానికి జాతీయ అవార్డు వచ్చింది. ఎగిరే పాట, కండ్లల్ల నీళ్లు తెప్పిచ్చే పాట ఒక్క కలంలకెల్లే వచ్చినయి. నీ పెట్టెల సుత రెండు తీర్లయి ఉండాలె. అప్పగింతల కాడ ఏం వెయ్యాల్నో తెల్వక హార్డ్‌ బేస్‌ ఏసిన బండ్లను నేను చూసిన.

ఇగ బరాత్‌ ముచ్చట. బండి కదిలే ముందు బాక్సులకు నలభై అడుగుల దూరం నడిచిపోయి నిలవడి విను. బండి మీద నిలవడి వింటె నీకేం తెల్వది. బేస్‌ నాలుగు దిక్కులకు పోతది, బండి ఎన్క ఉన్న ఇంట్ల గిన్నెలను సుత అదిరిస్తది. టాప్స్‌ మాత్రం ఎటు తిప్పితె అటే కొడ్తయి. వాటిని ఎత్తుల పెట్టి డాబాల మీదికి కొట్టకు, ఆడేటోళ్ల మీదికి జర వంచు. చానమంది నీ మోత ఎక్కువైందనేది బేస్‌ వల్ల, మాట వినవడ్తలేదనేది టాప్స్‌ తప్పు దిక్కు ఉండుట్ల. మిక్సర్ల ఎర్ర లైటు ఎలిగిందంటే సౌండు పెరిగినట్టు కాదు, పాట పగులుతున్నట్టు. టాప్స్‌ల డ్రైవర్లు కాలిపొయ్యేది ఎక్కువ ఆ ఎర్ర లైటుతోనే, రిపేరు ఖర్చు నీదే.

మొదటి అర్ధగంట పెద్దోళ్లది. మేనత్తలు, చిన్నమ్మలు, మామలు నీ ముంగట ఉంటరు. అప్పుడే నీ దగ్గరున్న దంచుడు పాటలన్ని ఖర్చు చేసుకోకు. తెలిసిన పాట ఎయ్యి, వేగం తక్కువ పెట్టు. ఫోన్లు పట్టుకున్న చేతుల దిక్కు కాదు, కాళ్ల దిక్కు చూడు. పక్కకు నిలవడ్డామె కాలు ఏలు కదుల్తున్నదంటె ఇంకో పాట అసొంటిదే ఎయ్యి, ఆమె దిగుతది. పెండ్లికొడుకు తల్లి ఆడుతున్నప్పుడు ఎవలచ్చి అయిదు నూర్ల నోటు చూపెట్టినా పాట మార్చకు. ఆ నాలుగు నిమిషాలు ఆ ఇంటోళ్లు పదేండ్లు చెప్పుకుంటరు, నీ నంబర్‌ సుత చెప్తరు. ఒక కులాన్నో, ఒక మతాన్నో కించపరిచే డైలాగులు కలిపిన మిక్స్‌లు నీ ల్యాప్‌టాప్‌ల ఉంచనే ఉంచకు. తాగినోడు అడుగుతడు, లేదంటె ఊకుంటడు. ఉండి వెయ్యనంటె కొట్లాటకొస్తడు.

బయానా తీసుకోకుంట బండి తియ్యకు. ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని గంటలకు బంద్‌, ఎన్ని బాక్సులు, మిగిలిన పైసలు ఎప్పుడు ఇస్తరు, ఇవన్నీ కాయిదం మీదనో వాట్సాప్‌లనో రాయించుకో.

బతుకమ్మ కాడికి నిన్ను పిలిస్తే మాత్రం వేరే పని. వంగి చప్పట్లు కొట్టి, అడుగేసి, లేసి, మళ్ల వంగేదాక ఎంత సేపు పడ్తదో అదే అక్కడి వేగం. అది ఊరూరికి వేరే ఉంటది. అక్కడ పాట ఎత్తేది ఒక్కామె, అందుకునేది అందరు. డీజే పెట్టిన కాడ ఆమె గొంతు ఎవలకు వినవడది. రెండేండ్లు చూసి ఆమె ఎత్తుడు మానుకుంటది. ఆమెకు వచ్చిన పాటలు రాసిపెట్టినోళ్లు ఎవలూ లేరు, అవి ఆమెతోనే పోతయి. నువ్వు చేసేదేందంటే, బేస్‌ బంద్‌ పెట్టి, రెండు చిన్న టాప్స్‌ పెట్టి, మైకు ఆమె చేతికియ్యి. ఆమె ఎత్తుతది, ఊరు అందుకుంటది. కిరాయికి ఏం తక్కువ చెయ్యరు. అడిగి, ఆమె ఒప్పుకుంటె రికార్డు చేసుకో. కాక్సన్‌ డాడ్‌ లేబుల్‌ గీకి దాచుకున్న పాటల కంటె అరుదైన పాట నీ ఊర్లనే దొరికినట్టు.

ఇప్పుడు ఎవలకు నచ్చని ముచ్చట, చట్టం. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000ల వచ్చినయి. ఇండ్ల నడుమ పగటి పూట 55 డెసిబెల్స్‌, రాత్రి 45 దాటొద్దు. దవాఖాన, బడి, కోర్టు చుట్టు 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, అక్కడ ఇంకా తక్కువ. రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాక లౌడ్‌ స్పీకర్లు బంద్‌. పండుగలకు సర్కారు సడలింపు ఇయ్యొచ్చు గనీ అది అర్ధరాత్రి దాకనే, ఏడాదిల 15 దినాలు మించకుంట. 2005 జులైల సుప్రీంకోర్టు సుత రాత్రి పది గంటల గీతను గట్టిగ గీసింది. ఇగ చూడు, ఇద్దరు మామూలుగ మాట్లాడుకుంటేనే 60 డెసిబెల్స్‌ దగ్గరికి పోతది. అంటె కాయిదం మీద చూస్తే ఏ డీజే బండైనా గీత దాటినట్టే. నీ పని నడుస్తున్నది చట్టం నీ దిక్కు ఉండి కాదు. ఊరు ఓర్సుకుంటున్నది కాబట్టి నడుస్తున్నది.

ఊరు ఓర్సుకునుడు ఆగిననాడు ఏమైతదో హైదరాబాద్‌ల చూసినం. 2024 అక్టోబర్‌ 1 నాడు అప్పటి పోలీస్‌ కమిషనర్‌ సి.వి.ఆనంద్‌ మతపరమైన ఊరేగింపులల్ల డీజే సౌండ్‌ సిస్టమ్‌లను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చిండు. మోత గురించి వచ్చిన ఫిర్యాదులు, అన్ని పార్టీలు, అన్ని మతాల పెద్దలతోని మాట్లాడుడు అయినంకనే ఇచ్చిండు. ఏ ఒక్క బండోని తప్పో కాదది. ఒకని కంటె ఒకడు పెంచుకుంట పోతే ఆ ఊరేగింపుల పని అందరిదీ ఒక్కనాడు పోయింది. మన పెద్దపల్లి, మంచిర్యాల రెండు జిల్లాలు రామగుండం కమిషనరేట్‌ కిందనే ఉన్నయి. అనుమతి కోసం స్టేషన్‌కు పోయేది పెండ్లోళ్లు అని ఊకోకు, ఆ కాయిదం నకలు నీ జేబుల ఉండాలె.

గోదావరిఖనిల పని చేసేటోళ్లకు ఇంకొక మాట. మిగిలిన ఊర్లల్ల నిద్రంటె రాత్రి. ఖనిల అట్ల కాదు. సింగరేణి మూడు షిఫ్టుల నడుస్తది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన కార్మికుడు పగటీలి పన్నెండు గంటలకు క్వార్టర్ల పండుకొని ఉంటడు. ఆయన నిద్ర చెడితే వచ్చేది ఆయన కోపం ఒక్కటే కాదు. ఆ రాత్రి మళ్ల బాయిలకు దిగుతడు, బరువు యంత్రాల నడుమ, కప్పు కింద. తూలె కండ్లతోని అక్కడ పని చేసుడేందో నీ ఇంట్ల పెద్దోళ్లనే అడుగు, సగం మంది ఇండ్లల్ల బాయి పని చేసినోళ్లు ఉంటరు. కాలనీలకెల్లి బండి పోయేటప్పుడు బేస్‌ తగ్గించు, చౌరస్తకు వచ్చినంక పెంచుకో. ఏ చట్టం చెప్పకున్నా చెయ్యాల్సిన పని ఇది.

కరెంటు తీగల కాడ నేను బతిమిలాడుత. 2025 ఆగస్టుల హైదరాబాద్‌ రామంతాపూర్‌ల కృష్ణాష్టమి ఊరేగింపుల రథానికి కరెంటు తగిలి అయిదుగురు చచ్చిపోయిన్రు. మన ఊర్ల గల్లీలల్ల తీగలు ఎంత కిందికి జారి ఉంటయో నీకు తెల్సు. డీసీఎం మీద బాక్సుల మీద బాక్సు, దాని మీద లైట్ల పైపు పెడ్తరు. ఒక పోరడు పైన నిలవడి కట్టెతోని తీగ లేపుతుంటడు. ఆ పోరన్ని పైకి ఎక్కియ్యకు. తడిసిన కట్టెల కెల్లి కరెంటు పోతది. ముందుగాల దారి మొత్తం బైకు మీద తిరిగిరా, తీగ తక్కువున్న కాడ బాక్సులు దించు, లేకుంటె లైన్‌మన్‌ను పిలువు. జనరేటర్‌కు ఎర్త్‌ పెట్టు. వాన చినుకు పడంగనే బంద్‌ చెయ్యి, ఎవలు తిట్టినా సరే. ఇంకోటి, నీ బండి డ్రైవర్‌కు ఆ మోతల ఏం వినవడది. టైర్ల పక్కపొంటి చిన్న పిల్లలు ఎగురుతుంటరు. రెండు దిక్కులా ఇద్దరు మనుషులు నడువకుంట బండిని అడుగు కదపనియ్యకు.

చెవుల ముచ్చట నీ వయసుల చెప్తె నవ్వుతరు. 85 డెసిబెల్స్‌ మోతల ఎనిమిది గంటలు ఉండొచ్చు, 100ల పావుగంటనే అని లెక్క. నువ్వు బాక్సుల ఎన్క నాలుగైదు గంటలు ఉంటవు. చెవి లోపటి సన్నని కణాలు ఒక్కసారి పోతె మళ్ల పుట్టయి. తెల్లారి లేసినంక చెవుల గుయ్యిమంటుంటె అది అలసట కాదు, నష్టం. మందుల దుకాణంల దొరికే చెవి బిరడలు పెట్టుకో, నీ కింద పని చేసే పోరగాండ్లకు సుత ఇయ్యి. చెవి పోయిన డీజేకు ఎవలు బయానా ఇయ్యరు.

పాటల హక్కుల ముచ్చట పొట్టిగ చెప్త. కాపీరైట్‌ చట్టం 52వ సెక్షన్‌ల లగ్గానికి, బరాత్‌కు, దాని చుట్టు జరిగే వేడుకలకు మినహాయింపు ఉన్నది. కొత్త సంవత్సరం దావతు, టికెట్టు పెట్టిన ప్రోగ్రాం ఆ లెక్కల రావు, వాటికి లైసెన్సు కావాలె. యూట్యూబ్‌ల రిమిక్స్‌ పెట్టేటప్పుడు జానపదమే గదా అనుకోకు. రాసినోడు, పాడినోడు బతికి ఉన్న జానపదాలే ఇప్పుడు ఎక్కువ. అడుగు, పేరు పెట్టు. నీ సరుకు సుత రేపు ఇంకొకడు ఎత్తుకపోకుంట ఉండాలె గదా.

చివరికి డప్పోళ్ల ముచ్చట. నీ బండి రాకముందు ఆ బరాత్‌ డప్పుదే. డప్పును మంట మీద కాచి సురువు చేసేటాయన ఇప్పుడు బండికి పది గజాల ముంగట ఎవలకు వినవడకుంట కొట్టుకుంట పోతున్నడు, లేకుంటె పిలుపే వస్తలేదు. అవతల ఆసిఫాబాద్‌ జిల్లా మార్లవాయిల గుస్సాడీ ఆట నేర్పిన కనకరాజుకు 2021ల పద్మశ్రీ వచ్చింది. డోలు, పెప్రెల ముంగట తయారైన ఆట అది, బాక్సుల ముంగట కాదు. ఆయన 2024ల కాలం చేసిండు. డప్పుకు మైకు పెట్టు, పది నిమిషాలు డప్పు కొట్టేటాయనకే వదిలిపెట్టు, తర్వాత అదే వేగంల నీ పాటను కిందికెల్లి ఎత్తుకో. జనం ఎగిరే తీరు చూసినంక చెప్పు. ఆయన కూలి పెండ్లోళ్లతోని నీ బేరంలనే మాట్లాడి పెట్టు.

ఇగ మీ అందరితోని ఒక్కటే అడుగుత. వచ్చే వినాయక చవితి కంటె ముందు మీ మండలంల డీజేలందరు, పాతోళ్లు కొత్తోళ్లు, ఒక్క కాడ కూసోండి. రాత్రి పదికి బంద్‌ అని, బండికి ఇన్ని బాక్సులే అని, రెండు బండ్లు ఎదురెదురుంగ పెట్టి పోటీకి మోగిచ్చుడు ఉండదని, దవాఖాన ముంగట గుండీ తిప్పి సౌండు దించుతమని రాసుకోండి. అందరు సంతకాలు పెట్టి ఒక నకలు పోలీస్‌ స్టేషన్‌ల, ఒక నకలు పంచాయతీల ఇయ్యండి. హైదరాబాద్‌ లెక్క ఆ కాయిదం పైనుంచి రాకముందే మీ చేతులతోని రాయండి.